ఏడుగురు గురువులు, ఒక మైకు

సన్నీబ్యాంక్ తెలుగు సంఘం జర్మనీ దేశాన్ని క్షమించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.

సంగతి ఇది. 1999 ఫిబ్రవరి నాటికి వసుంధర అనే ఆవిడ ఆస్ట్రేలియాలో, మా బ్రిస్బేన్‌లోనే ఒక యూనివర్సిటీలో మధ్యయుగాల జర్మన్ సాహిత్యం చెబుతుండేవారు. ఏడాది చివర రెండు సున్నాలు చూసి కంప్యూటర్లన్నీ మూర్ఛపోతాయని లోకం బెంబేలెత్తిపోతున్న రోజులవి. అలాంటి సమయంలో తెలుగువాళ్లలో ఒకరు ఇలాంటి పని చేయడాన్ని సంఘం పెద్దమనసుతో సహించింది. ఆవిడ కనిపించినప్పుడల్లా సంఘం ఏదో ఒక కంప్యూటర్ కోర్సు సిఫార్సు చేసేది.

ఆవిడ పాఠమంతా ఒక కథల గొలుసు గురించి. సవతి తల్లి మాట నమ్మి రాజు కొడుకును చంపమంటాడు. ఆ కొడుకు ఏడు రోజులు నోరు విప్పకూడదు. ఏడుగురు గురువులు రోజుకొకరు వచ్చి ఒక కథ చెబుతారు. విన్న రాజు శిక్షను మర్నాటికి వాయిదా వేస్తాడు. ఈ కథలు తూర్పు నుంచి చేతులు మారుతూ జర్మనీ చేరాయి. అక్కడ ఒకరు పద్యంలో రాశారు, ఇంకొకరు వచనంలో రాశారు, రాజును రోమ్ చక్రవర్తిని చేశారు, కథ కథకూ ఒక నీతి తగిలించారు.

ఇంకొక్క విద్యార్థి చేరకపోతే ఆ కోర్సు ఎత్తేస్తామని యూనివర్సిటీ చెప్పింది. గడువు శుక్రవారం సాయంత్రం అయిదు. కోర్సుతోపాటు వసుంధర ఉద్యోగమూ పోతుంది.

అధ్యక్షులు ఎలియాజర్ గారు వెంటనే ఫోన్ చేశారు. "ఒక్క స్టూడెంటే కదమ్మా! ఫ్రైడే ఆర్వో, అదే మధ్యాహ్నం, మన మీటింగ్ ఉంది, పిల్లలందరూ వస్తారు. మీరొచ్చి ఫైవ్ మినిట్స్ మాట్లాడండి చాలు."

వసుంధర అయిదు నిమిషాల్లోనే ముగించారు. "ఈ కథలు మన దగ్గరే పుట్టాయా, పర్షియాలోనా అన్నది ఇంకా తేలలేదండీ," అని కూడా అన్నారు. సభ ఆ వాక్యం వినలేదు. అబ్దుల్ గారి అమ్మాయి నిదా మాత్రం అంతా వింది.

"ఆంటీ, ఐ వాంట్ టు డూ దిస్. ఎక్కడ సైన్ చెయ్యాలి?"

వసుంధర ముఖం వెలిగిపోయింది. అప్పటికి మూడున్నర. యూనివర్సిటీ ఆఫీసు కారులో పావుగంట దూరం.

"వన్ మినిట్ కూర్చో తల్లీ," అన్నారు ఎలియాజర్ గారు. "పెద్దవాళ్లు టూ వర్డ్స్ మాట్లాడతారు."

సంఘానికి సంప్రదాయం ఉంది. పెద్దలు మాట్లాడందే పిల్లలు గడప దాటకూడదు. శాలువా కప్పందే ముఖ్య అతిథి వేదిక దిగకూడదు. వేదిక మీద పెద్దలు ఏడుగురు.

మొదట రామానుజం గారు మన కథలను జర్మన్లు ఎత్తుకుపోయిన వైనం చెబుతూ, తాను విమానం మారడానికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగిన సంగతిలోకి వెళ్లారు. అక్కడ ఒక తోటి ప్రయాణికుడు కలిశాడు. అతనికో బావమరిది, ఆ బావమరిదికో వీసా చిక్కు. బయటికొచ్చే దారి ఆయనకే దొరకలేదు. తర్వాతి వక్త, సున్నా కనిపెట్టిందీ మనమే, ఇప్పుడు సున్నాలు తెచ్చిన చిక్కు విప్పుతున్నదీ మనమే, అందుకు బిల్లు వేస్తున్నదీ మనమేనని నిరూపించారు. విద్యావతి గారు ఏడు రోజులు నోరు విప్పని ఆ రాకుమారుణ్ణి నేటి యువత ఆదర్శంగా తీసుకోవాలని అరగంట కోరారు.

నాలుగో వక్త అబ్దుల్ గారు. "మా బిడ్డ గిట్ల ఇంట్రెస్ట్ చూపిస్తుంటే నాకు మస్తు ఖుషీగుంది," అని మొదలుపెట్టారు. ఆ ఖుషీ చాలాసేపు సాగింది. బిడ్డ తలుపు దగ్గర నిలబడి సైగలు చేస్తోంది. కారు తాళాలు ఆయన జేబులో ఉన్నాయి.

వసుంధర రెండుసార్లు లేచారు. రెండుసార్లూ మర్యాదగా కూర్చోబెట్టి సమోసా ఇచ్చారు.

గడియారం అయిదు కొట్టేసరికి ఏడో వక్త "చివరగా ఒక్క మాట" దగ్గరున్నారు.

శాలువా కప్పాక వసుంధర మైకు అడిగి తీసుకున్నారు. "ఆ కథలో గురువులు మాట్లాడితే ఒక ప్రాణం నిలిచిందండీ," అన్నారు, అంతే. సభ చప్పట్లు కొట్టింది.

కథలు తిరిగిమ్మని జర్మనీని కోరుతూ తీర్మానం పెట్టారు. సభ్యుల్లో కొందరికి జర్మన్ కార్లున్నందున, క్షమిస్తే చాలునని సవరించారు. నిదా కంప్యూటర్ కోర్సులో చేరింది.

వచ్చే శుక్రవారం ఆ జర్మన్ కోర్సుకు సంతాప సభ. వక్తలు ఆ ఏడుగురే. ఇంతవరకు చదివి అయ్యో అనుకున్న మీకోసం వేదిక మీద ఎనిమిదో కుర్చీ వేయించాము. రెండు మాటలు సిద్ధం చేసుకుని రాగలరు.