జోడు కార్డు

కండక్టరుకీ ప్రయాణికుడికీ మధ్య తరతరాలుగా నలుగుతున్న చిల్లర సమస్య శాశ్వతంగా పరిష్కారమైపోయిందని నగర సుఖయాన సంస్థ ఆ ఏడు శ్రావణమాసంలో ప్రకటించింది. పెద్ద అంబర్‌పేట్ నుంచి ఎల్బీనగర్ మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా తిరిగే సంస్థవారి పసుపు మినీ బస్సుల్లో ఇకమీదట డబ్బులు చెల్లవని, కార్డు ఒక్కటే చెల్లుతుందని జనరల్ మేనేజరు ప్రసన్నకుమార్ గారు రిబ్బను కత్తిరించి మరీ చెప్పారు. డబ్బులివ్వడం పాత అలవాటనీ, పాత అలవాట్లు వదులుకోలేని జాతి బాగుపడదనీ సెలవిచ్చారు. సభికులు చప్పట్లు కొట్టి, ఇళ్లకు వెళ్లడానికి ఆటోలు మాట్లాడుకున్నారు. కార్డులు ఇంకా రాలేదు మరి.

వచ్చినప్పుడు సగమే వచ్చాయి. మిగతా సగం ఉన్న లారీ విజయవాడ రోడ్డు మీద రాస్తారోకోలో చిక్కుకుంది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులవి. ఇంకో అధికారి అయితే బెంబేలెత్తిపోయేవాడు. ప్రసన్నకుమార్ గారు మాత్రం మన సంప్రదాయం వైపు చూశారు. చిల్లర లేనప్పుడు మన కండక్టరు ఏం చేస్తాడో మీకు తెలియనిది కాదు. ముక్కూమొహం తెలియని ఇద్దరిని దగ్గరికి పిలిచి, ఒకే నోటు చేతిలో పెట్టి, దిగి పంచుకొమ్మంటాడు. ఆ ఇద్దరూ దిగి, ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచుకుంటూ, నోటు మార్చే పాన్ డబ్బా కోసం ఊరంతా తిరుగుతారు. ఇందులో జనరల్ మేనేజరు గారికి ఒక మహత్తర సూత్రం కనిపించింది.

“ఒక నోటును ఇద్దరు పంచుకోగలిగిన ఈ గడ్డ మీద ఒక కార్డును ఇద్దరు పంచుకోలేరా?” అని ఆయన పత్రికల వారిని అడిగారు. వారు ఆ మాటను శ్రద్ధగా రాసుకున్నారు. ఆ విధంగా జోడు కార్డు పుట్టింది.

ఒక కార్డు, రెండు ఫొటోలు. జంటలను కుదర్చడానికి ఏ కులగోత్రాలూ చూడలేదు. వరసలో ఎవరి వెనక ఎవరు నిలబడితే వాళ్లే జంట. ఇద్దరూ కలిసి ఎక్కాలి, కలిసి దిగాలి. కండక్టరు మొహాలు పోల్చుకున్న తర్వాతే మిషన్ మీద కార్డు ఆనిస్తాడు, పచ్చ లైటు వెలుగుతుంది. ఒక్కరే వస్తే ఎర్ర లైటు నొక్కుతాడు. ఇంత తేలికైన పద్ధతి ప్రపంచంలో మరెక్కడా లేదని సంస్థవారు అన్నారు. ఆ మాట నిజమే.

దిల్‌సుఖ్‌నగర్ కౌంటరు దగ్గర అండాలమ్మ వెనక కోటేశ్వరమ్మ నిలబడింది. అంతకుమించి వాళ్లిద్దరికీ సంబంధం లేదు. అండాలమ్మది నల్లగొండ జిల్లాలో పల్లెటూరు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లలుండే లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది, ఆమె ఇల్లు ఆ వంట మీదే నడుస్తుంది. కోటేశ్వరమ్మది తెనాలి దగ్గర. దిల్‌సుఖ్‌నగర్‌లోనే తమ్ముడి గాజుల దుకాణంలో కౌంటర్లో కూర్చుంటుంది. ఇద్దరి ఇళ్లూ ఎల్బీనగర్‌లో పక్కపక్క సందుల్లోనే ఉన్నా, ఆ రోజుల్లో పక్క సందు అంటే పక్క రాష్ట్రమే.

ఈ వార్త తెలిసి రెండు ఇళ్లలోనూ మగవాళ్లు కంగారుపడ్డారు. అండాలమ్మ కొడుకు మహిపాల్ చౌరస్తాలో రిలే నిరాహార దీక్ష శిబిరంలో కూర్చునేవాడు. పొద్దున తల్లి చేసిన ఉప్మా తిని వెళ్లి, మధ్యాహ్నం భోజనం వేళకు దీక్షను ఇంకొకరికి అప్పజెప్పే క్రమశిక్షణ గలవాడు. “గా ఆంధ్రామెతోని మనకొక్క కార్డేందమ్మా? శిబిరంల అందరడుగుతున్నరు. జర నా ఇజ్జత్ సూడు,” అని బతిమాలాడు. కోటేశ్వరమ్మ భర్త వెంకట్రావు కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి, సమైక్యవాది. జోడు కార్డు చూసి ఆయన పొంగిపోయాడు. ఒకసారి అందులో సొమ్ము వేయించి, ఈ కార్డును అభివృద్ధి చేసింది మనమేనని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. కలిసే ఉండాలి గానీ, కార్డు మాత్రం మన బీరువాలోనే ఉండాలని భార్యకు గట్టిగా చెప్పాడు.

ఆడవాళ్లకు రాజకీయాలు తెలియవు కాబట్టి ఆ తగాదా బస్‌స్టాపులో నిలబడ్డంతసేపట్లో తేలిపోయింది. పొద్దున కార్డు ఒకరి దగ్గర, సాయంత్రం ఇంకొకరి దగ్గర. మొదట కొన్నాళ్లు చెరో సీట్లో కూర్చున్నారు. తర్వాత మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ఇంట్లో మగవాళ్ల గురించి మాట్లాడుకున్నారు. ఆ విషయంలో రెండు ప్రాంతాలకూ తేడా ఏమీ కనిపించలేదు. అక్కా అని ఒకరు, అండాలూ అని ఒకరు పిలుచుకునేదాకా వచ్చింది.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. మామూలు సిటీ బస్సులు ఆగిపోయి, పసుపు బస్సులే దిక్కయ్యాయి. సరిగ్గా అప్పుడే కోటేశ్వరమ్మ కీళ్ల జ్వరంతో మంచం పట్టింది. అండాలమ్మ ఒక్కతే బస్సెక్కితే ఎర్ర లైటు వెలిగింది. ఇద్దరి చార్జీ కోసుకొమ్మంది. కండక్టరు తల అడ్డంగా ఊపాడు. టికెట్ లేకుండా మనిషి ప్రయాణించడం చిన్న నేరమట, మనిషి లేకుండా టికెట్ ప్రయాణించడం పెద్ద నేరమట. రూల్సు పుస్తకంలో అలాగే ఉంది.

ఆమె షేర్ ఆటోల పాలైంది. జీతంలో సగం వాటికే పోయింది. చివరికి సంస్థ కార్యాలయానికి వెళ్లి, తమ కార్డును రెండుగా చేసి ఎవరిది వాళ్లకు ఇచ్చేయమని అడిగింది. ఆ మాట వినగానే గుమాస్తా లేచి తలుపు వేశాడు. విభజన అనేది సున్నితమైన అంశమని, దాన్ని అలా నిలబడి అడగకూడదని మందలించాడు. ఎందుకైనా మంచిదని సంస్థవారు రిటైరైన పెద్దలతో ఒక కమిటీ వేశారు. కమిటీ సొంత కార్లలో కొత్తపేట, చైతన్యపురి పర్యటించి, బస్సెక్కే అలవాటు లేని ప్రముఖులందరి అభిప్రాయాలూ సేకరించింది. అండాలమ్మ కూడా వెళ్లింది గానీ, సంబంధం లేనివాళ్లను లోపలికి పంపడం కుదరదన్నారు. కార్డును విడగొట్టి మిషన్‌ను ఉమ్మడిగా ఉంచడం, కార్డును యథాతథంగా ఉంచి ప్రయాణికులను విడగొట్టడం, ఇద్దరికీ కాకుండా కార్డును సంస్థే పాలించడం వంటి పలు మార్గాలను కమిటీ తాత్కాలికంగా సూచించింది. ఇంకా లోతుగా ఆలోచించడానికి గడువు కోరింది.

గడువు దొరికింది. ఆలోగా ఆటోలు కూడా సమ్మెలో చేరాయి. అండాలమ్మ నడిచింది. మోకాళ్లు వాచి, కూలబడుతూ లేస్తూ హాస్టల్ చేరేసరికి పొద్దుటి ఇడ్లీ మధ్యాహ్నం భోజనమయ్యేది. హాస్టల్ యజమాని రామమోహనరావు గారు వ్యక్తిత్వ వికాసం మీద క్లాసులు కూడా చెబుతారు కనుక ఏమాత్రం కోప్పడలేదు. “నువ్వు మా ఇంటి మనిషివి అండాలమ్మా. అందుకే ముందుగా చెబుతున్నాను. సోమవారం టిఫిను ఆలస్యమైతే మంగళవారం నుంచి రావద్దు,” అన్నారు. బయటి నుంచి టిఫిన్లు తెచ్చేవాడితో బేరం అప్పటికే అయిపోయింది.

అండాలమ్మకు అండగా ఎవరూ నిలబడలేదనుకుంటే పొరపాటు. ఆదివారం ఉదయం శిబిరంవారు ‘అండాలమ్మ కార్డు అండాలమ్మకే’ అని బ్యానరు కట్టి పసుపు బస్సులకు అడ్డంగా పడుకున్నారు. సాయంత్రం సంక్షేమ సంఘంవారు ‘కార్డు ఒక్కటే, జనం ఒక్కటే’ అంటూ కొవ్వొత్తులు పట్టుకుని అవే బస్సులకు అడ్డంగా నడిచారు. ఆమె హక్కు కోసం ఆ రోజంతా బస్సు కదల్లేదు. పేపర్లలో కార్డు మీది ఇద్దరి ఫొటోలూ పడ్డాయి. మర్నాడు ఆమె దిల్‌సుఖ్‌నగర్ ఎలా చేరుతుందని రెండు గుంపుల్లో ఒక్కరూ అడగలేదు. కన్నకొడుకు కూడా అడగలేదు.

సోమవారం తెల్లవారుజామున అండాలమ్మ నడకకు సిద్ధపడి బస్‌స్టాపు దాకా వచ్చేసరికి, అక్కడ తలకు శాలువా చుట్టుకుని కోటేశ్వరమ్మ నిలబడి ఉంది. ఉద్యోగం సంగతి పాలు పోసే ఈరమ్మ చెప్పిందట. వెంకట్రావు టీవీ చర్చలన్నీ చూసి పడుకున్నాడు, లేవలేదు. కోటేశ్వరమ్మ చెయ్యి పట్టుకుని చూస్తే కాలిపోతోంది. అండాలమ్మకు ఏడుపు ఆగలేదు.

“జరమున్న మనిషివి గిట్లెందుకొచ్చినవక్కా? ఇంటికి పో. గీ పని పోతే ఇంకోటి దొర్కుతది.”

“దొరకదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ మిషనుకి మన ఇద్దరి మొహాలేగా కావాలి? కూర్చునే పోతాంలే, పద.”

బస్సు వచ్చింది. కండక్టరు మొహాలు పోల్చుకున్నాడు. జ్వరంతో పీక్కుపోయిన మొహం ఫొటోతో పోలడం లేదని కాసేపు సందేహించి, దయతలచి కార్డు ఆనించాడు. పచ్చ లైటు వెలిగింది.

బస్సు నిండుగా ఉంది. స్త్రీలకు కేటాయించిన సీట్లలో మగవాళ్లు, మిగతా సీట్లలో అందరూ కూర్చుని ఉన్నారు. కోటేశ్వరమ్మ కమ్మీ పట్టుకుని వేలాడింది. “జర ఎవరన్న లేవుండ్రి, మనిషికి శాతనైతలేదు,” అని అండాలమ్మ అడిగింది. జనం వెంటనే స్పందించారు. ఈ జ్వరానికి బొప్పాయి ఆకు రసం మంచిదని ఒకాయన చెప్పాడు. మీది ఏ జిల్లా అని ఇంకొకాయన అడిగాడు. పేపర్లో పడ్డది వీళ్లేనని గుర్తుపట్టిన కుర్రవాడు ఫోను తీసి, ఇద్దరూ కలిసి కార్డు పైకెత్తి పట్టుకోమన్నాడు. ఈ నగరాన్ని ఎవరు కట్టారన్న చర్చ ముందు సీట్లలో మొదలై వెనక సీట్ల దాకా పాకింది. చైతన్యపురి దగ్గర బ్రేకు వేసినప్పుడు కోటేశ్వరమ్మ చెయ్యి జారి, మెట్ల దగ్గర కూలబడిపోయింది. అండాలమ్మ ఆమె తల ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంది. ఆ దృశ్యానికి చాలామంది కళ్లు చెమర్చాయి.

టిఫిను వేళకు అందింది, ఉద్యోగం నిలిచింది. సమయపాలన గురించి రామమోహనరావు గారు ఆ రోజు క్లాసులో అండాలమ్మనే ఉదాహరణగా చెప్పారు. ఒంటరిగా తిరుగు బస్సు ఎక్కే వీలు లేదు కనుక కోటేశ్వరమ్మ సాయంత్రం దాకా హాస్టల్ వంటగదిలో బియ్యం బస్తాల మీద మూలుగుతూ పడుకుంది. బస్సులో తీసిన ఫొటో రెండు వర్గాల కరపత్రాల్లోనూ అచ్చయింది.

కొన్ని నెలల తర్వాత కమిటీ తుది నివేదిక ఇచ్చింది. ఇరు ప్రాంతాల ప్రజల మధ్య ఏ ఒక్క విషయంలోనూ ఏకాభిప్రాయం సాధ్యం కాదని అందులో తేల్చారు. పెద్దలు పొరబడ్డారు. ఆ సోమవారం పసుపు బస్సులో తెనాలి వాళ్లున్నారు, నల్లగొండ వాళ్లున్నారు, శిబిరం వాళ్లున్నారు, సంఘం వాళ్లున్నారు, ఎటూ చెప్పకుండా కిటికీలోంచి బయటికి చూసే మనలాంటి వాళ్లమూ ఉన్నాం. జ్వరంతో ఉన్న మనిషికి లేచి సీటివ్వకూడదన్న విషయంలో ఒక్కరు కూడా విభేదించలేదు.