రోజుకి నాలుగు వందల విమానాలు

“శనివారం పొద్దున సరిగ్గా పదింటికి మన విమానాశ్రయం నుంచి తొలి విమానం గాల్లోకి లేస్తుంది. లేవకపోతే నా పేరు మార్చుకుంటాను” అని విమానయాన శాఖ మంత్రిగారు బుధవారం నాడు పత్రికల వాళ్ళ ముందు ప్రకటించారు. అంత గుండె ధైర్యం ఈ రోజుల్లో ఎంతమందికి ఉంటుంది చెప్పండి! అప్పటికి మన విమానాశ్రయంలో ఒక ప్రహరీగోడ, ఒక గేటు, గేటు మీద బోర్డు, ఎనభై కుర్చీలున్న ఒక హాలు ఉన్నాయి. రన్‌వే ఇంకా ఫైల్లోనే ఉంది. విమానం ఏ ఫైల్లోనూ లేదు. ఎన్నికలు మాత్రం వచ్చే నెలలో ఉన్నాయి.

గురువారం సాయంత్రం శాఖ కార్యదర్శిగారు మా బాబాయి ఇంటికి స్వయంగా వచ్చారు. అంతటి మనిషి మా ఇంటి మెట్లెక్కడం మా వంశంలో ఇదే మొదలు.

మా బాబాయి లేత్ మెషీన్ మీద ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన ఫిట్టరు. ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం తీగ విమానాలు. తెలియనివారికి చెబుతాను. చెక్కతో బారెడు రెక్కల విమానం చేస్తారు. దానికి గుప్పెడంత ఇంజను. అరవై అడుగుల ఉక్కు తీగలు రెండు, వాటి చివర ఒక పిడి. ఆ పిడి పట్టుకుని మనిషి మధ్యలో నిలబడితే విమానం ఆయన చుట్టూ ఝామ్మని తిరుగుతుంది. మణికట్టు పైకి వంచితే పైకి లేస్తుంది, కిందికి వంచితే దిగుతుంది. దాంతోపాటు మనిషీ తిరగాలి. ఏడాదికోసారి శని, ఆదివారాల్లో దీనికి పోటీ పెడతారు. పోటీ జరిగే మైదానానికే ఈమధ్య ప్రహరీగోడ కట్టి విమానాశ్రయమని బోర్డు పెట్టారు.

ఆ పోటీలో బాబాయి వరసగా పదకొండేళ్ళు రెండో స్థానంలో వచ్చాడు. ఈ సంవత్సరం తల తిరుగుతోందని వెళ్తే చెవుల డాక్టరు ఆయన్ని పరీక్షించి, “గుండ్రంగా తిరగడం ఇంక కట్టిపెట్టండి. ఈ ఒక్కసారికి ఊరుకుంటాను, ఆ తర్వాత పడితే లేవరు” అన్నాడు. అంచేత బాబాయి ఎనిమిది నెలలు కూర్చుని ఓ తెల్లటి విమానం చేశాడు. అన్నాళ్ళూ దాని రెక్కలు భోజనాల బల్ల మీదే ఉన్నాయి. ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్ళో పెట్టుకునే తిన్నారు. “నాకు సవతి లేని లోటు తీర్చారు” అనేది పిన్ని. అంటూనే రెక్కకి సిల్కు గుడ్డ అతికించిందీ ఆవిడే.

కార్యదర్శిగారు ఆ విమానం చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

“ఇది ఇంజనుతో నడుస్తుందా?”

“నడుస్తుందండీ.”

“నేల మీంచి లేచి నేల మీదికే దిగుతుందా?”

“దేవుడి దయ ఉంటే దిగుతుందండీ.”

“చట్టంలో విమానానికిచ్చిన నిర్వచనం అంతవరకే ఉంది. ఎంత పొడుగుండాలో ఎక్కడా రాయలేదు” అని కార్యదర్శిగారు కళ్ళజోడు తీసి ఆనందంగా తుడుచుకున్నారు. “ఎక్కడిదాకా వెళ్తుంది?”

“ఎక్కడికీ వెళ్ళదండీ. బయల్దేరిన చోటికే వస్తుంది.”

“రానూపోనూ సర్వీసన్నమాట. చాలా మంచిది. ప్రయాణికులో?”

“చీమ కూడా పట్టదండీ!”

“ఫిర్యాదు చేసేవాళ్ళుండరు” అని ఆయన రాసుకున్నారు.

శనివారం పోటీ రద్దు చేశామనీ, ఆ రోజు మంత్రిగారు ప్రారంభ విమానం ఎగరేస్తారనీ, ఆదివారం మీ పోటీ మీరు హాయిగా పెట్టుకోవచ్చనీ చెప్పి ఆయన వెళ్ళిపోయారు. పిన్ని తలుపేసుకుంటూ, “ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందట” అంది. బాబాయి భయమల్లా ఒక్కటే. శనివారం మంత్రిగారి చేతిలో విమానం విరిగితే ఆదివారం ఆయనకి ఎగరేయడానికేమీ మిగలదు. మళ్ళీ ఏడాదికి ఆయన చెవులు మిగలవు.

శనివారం పదింటికి రావలసిన మంత్రిగారు పదకొండున్నరకి వచ్చారు. ఆయన పీఏ రెక్క మీద మంత్రిగారి ఫొటో అతికించబోతే బాబాయి అడ్డం పడ్డాడు.

“బరువు ఒక పక్కకి లాగుతుందండీ.”

“మా మంత్రిగారి ఫొటో ఇంతవరకూ ఎవరికీ బరువు కాలేదు” అన్నాడు పీఏ నొచ్చుకుని. చివరికి ఫొటోని బాబాయి చొక్కాకి పెట్టారు.

మంత్రిగారు మైదానం మధ్యలో నిలబడి పిడి పట్టుకున్నారు. ఆయన వెనక నిలబడి బాబాయి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. అరవై అడుగుల అవతల తోక పట్టుకుని కూర్చున్నవాణ్ణి నేను. ఇలాంటి చారిత్రక ఘట్టంలో తోక పట్టుకునే భాగ్యం అందరికీ దక్కదు. ఇంజను రాజేసి వదిలాను. విమానం చక్కగా లేచింది. జనం ఈలలు వేశారు. గుమాస్తా ఒకాయన బల్ల దగ్గర రిజిస్టరు తెరిచి, ఒక చుట్టు తిరగ్గానే ‘బయల్దేరినవి ఒకటి, చేరుకున్నవి ఒకటి’ అని గీత పెట్టాడు.

మంత్రిగారు ఉపన్యాసం అందుకున్నారు. ఆయనతోపాటు మైకు తిరగదు కాబట్టి గొంతెత్తి మాట్లాడారు. తూర్పు వైపు కూర్చున్నవాళ్ళకి “ఇంటింటికీ ఉద్యోగం” అని వినిపించింది. పడమటి వాళ్ళకి “ఇవ్వడం సాధ్యం కాదని ప్రతిపక్షాలంటున్నాయి” అని వినిపించింది. తూర్పువాళ్ళు చప్పట్లు కొట్టారు, పడమటివాళ్ళు ప్రతిపక్షాలతో ఏకీభవించారు.

పదో చుట్టుకి మంత్రిగారి గొంతు తగ్గింది. “ఇంక ఆపవయ్యా” అన్నారు.

“ఆగదండీ. ట్యాంకు ఖాళీ కావాలి” అన్నాడు బాబాయి.

“ఎంతసేపు?”

“ఆరు నిమిషాలండీ. ఇంకో అరవై చుట్లు.”

“ఎవరి ఉత్తర్వుతో నింపావు అంత?”

“విమానానికి ఉత్తర్వులు తెలీవు కదండీ!”

“నేను వదిలేస్తున్నా.”

“అమ్మమ్మా, వదలకండి! తీగలతో సహా పోయి జనం మీద పడుతుంది.”

మంత్రిగారు రెండు చుట్లు ఆలోచించారు. “ఎవరెవరున్నారు అక్కడ?” అన్నారు.

“ముందు వరసలో తమ మామగారున్నారండీ.”

మంత్రిగారు మరో చుట్టు ఆలోచించారు. మామగారికి అనుమానం వచ్చిందో ఏమో, కుర్చీ తీసుకుని మూడో వరసలోకి వెళ్ళిపోయారు. మంత్రిగారు పిడి వదల్లేదు. ఈ త్యాగనిరతిని పత్రికలు తగినంతగా గుర్తించలేదని నా బాధ.

డెబ్భయ్యో చుట్టుకి ఇంజను ఆగింది. బాబాయి ఆయన మణికట్టుని వెన్నపూసలా వంచి విమానాన్ని గడ్డి మీద దించాడు. దాని మీద గీత కూడా పడలేదు. బాబాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మంత్రిగారికి అసలు కళ్ళే తిరిగాయి. నాలుగడుగులు కుడికి, ఆరడుగులు ఎడమకి వేసి కూలబడ్డారు. నాయకుడు పడ్డాక మనం నిలబడితే ఏం బాగుంటుందని అనుచరులు కూడా తలో చోటా పడ్డారు. పడ్డచోటు నుంచే మంత్రిగారు చెయ్యెత్తి, “ఒక్క రోజులో డెబ్భై విమానాలు! రేపట్నించి రోజుకి నాలుగు వందలు!” అని ప్రకటించారు. ఆ సాయంత్రానికల్లా మైదానాన్ని పూర్తిస్థాయి విమానాశ్రయంగా ప్రకటిస్తూ ఉత్తర్వు వచ్చింది.

ఆదివారం ఆరింటికే బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, విమానం పెట్టె చంకనెత్తుకుని బయల్దేరాడు. గేటు దగ్గర కాపలావాళ్ళు పెట్టె తెరిపించారు. వెంటనే కార్యదర్శిగారికి కబురెళ్ళింది. ఆయన చేతిలో నిబంధనల పుస్తకంతో వచ్చారు.

“విమానాశ్రయానికి ఐదు కిలోమీటర్ల లోపు బొమ్మ విమానాలు ఎగరేయడం నేరం” అని చదివి వినిపించారు.

“నిన్న ఎగిరింది ఇదే కదండీ!”

“నిన్న పొద్దున ఇది విమానాశ్రయం కాదు.”

“దీన్ని చూసేగా అయ్యింది!”

“అందుకు ప్రభుత్వం మీకు రుణపడి ఉంటుంది” అని కార్యదర్శిగారు పెట్టెకి సీలు వేయించారు. మొత్తం ముప్ఫై ఒక్కమంది పోటీదారుల పెట్టెలూ హాల్లోకి చేరి, హాలుకి తాళం పడింది. పిడులు మాత్రం ఎవరివి వాళ్ళ దగ్గరే మిగిలాయి. పెట్టె లేని బాబాయి చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. “వచ్చే ఏడాది లేదురా నాకు” అన్నాడు నాతో.

ఇంతలో రిజిస్టరు గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు. “సార్, నాలుగు వందలు! సాయంత్రానికి పంపాలి. ఇప్పటికి సున్నా!”

కార్యదర్శిగారిది మెరుపులాంటి బుర్ర. పుస్తకాన్ని ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిప్పారు.

“విమానం ఎగరేయడం నేరం. మనిషి తిరగడం నేరమని ఎక్కడా లేదు. పిడికి రెక్కలున్నాయా?”

“లేవండీ” అన్నాడు గుమాస్తా.

“అయితే పోటీ జరుపుకోండి. ఆపమని మేమెప్పుడన్నాం?”

ఎవరో ఒకాయన నవ్వుకుంటూ ఖాళీ పిడి పట్టుకుని వెళ్ళి పది చుట్లు తిరిగి వచ్చాడు. రెండో ఆయన నవ్వకుండా పదిహేను తిరిగాడు. మూడో ఆయన దించేటప్పుడు గాలి ఎటుందో చూసుకున్నాడు. గుమాస్తా గీతలు పెట్టుకుంటూ పోయాడు. న్యాయనిర్ణేత రిటైరైన లెక్కల మాస్టారు. మహా చండశాసనుడు. ఆయన కుర్చీ వేయించుకుని, తల పైకెత్తి, మార్కులేయడం మొదలుపెట్టారు.

ఆఖరున బాబాయిని పిలిచారు. రాడనుకున్నాను. ఆయన చొక్కా చేతులు మడిచి, “తోక పట్టుకోరా” అన్నాడు.

నేను అరవై అడుగులు లెక్కపెట్టుకుని వెళ్ళి గడ్డి మీద మోకాళ్ళేశాను. ఆయన తలూపగానే వదిలాను. బాబాయి తిరిగాడు. రెండు చుట్లు చదునుగా పోనిచ్చి మణికట్టు వంచాడు. జనం తలలు ఒక్కసారిగా పైకి లేచాయి. నిలువుగా మూడు లూపులు, ఆపైన తలకిందుల చుట్లు, ఆపైన ఎనిమిది అంకె. నేల దగ్గరగా తెచ్చినప్పుడు ముందు వరసలో ఒకావిడ “అయ్యో” అని పైట సర్దుకుని వెనక్కి జరిగింది. సరిగ్గా ఆరు నిమిషాలకి ఆయన పిడి దించాడు. చప్పట్లు మోగిపోయాయి. ఆ చప్పట్లలోనే గుమాస్తా “నాలుగు వందలు!” అని కేకేశాడు.

ఫలితాలు చదివారు. మొదటి స్థానం, నూటికి నూరు మార్కులతో, మంత్రిగారు. ఆ రోజు ఆయన పక్కజిల్లాలో ఓడరేవు ప్రారంభిస్తున్నారు కాబట్టి కప్పు పీఏ అందుకున్నాడు. రెండో స్థానం, తొంభై ఎనిమిది మార్కులతో, మా బాబాయి.

బాబాయి తిన్నగా మాస్టారి కుర్చీ దగ్గరికి వెళ్ళాడు. ఇన్నాళ్ళకి ఈయన నిలదీస్తాడనుకున్నాను.

“రెండు మార్కులు ఎక్కడ పోయాయి మాస్టారూ?”

“మూడో లూపు. అడుగు భాగం చదునుగా వచ్చింది.”

“చదునా! కళ్ళజోడు మార్పించుకోండి ముందు!”

“ముప్ఫై ఏళ్ళ నుంచి చూస్తున్నానయ్యా లూపులు. నాకు చెప్పకు.”

“గాలి తగిలినా గుంజి పట్టుకున్నాను. వేలు తెగిందనుకున్నాను!”

ఇద్దర్నీ విడదీయడానికి నలుగురు పట్టారు. సోమవారం పత్రికల్లో నాలుగు వందల విమానాలు క్షేమంగా దిగాయనీ, ఒక్క ప్రమాదం గానీ శబ్ద కాలుష్యం గానీ లేవనీ మంత్రిగారి ప్రకటన వచ్చింది. అందులో అబద్ధమేమీ లేదు.

ఆదివారం ఇంటికొచ్చేదాకా బాబాయి ఒకటే గొణుగుడు. హాల్లో సీలు పడిన పెట్టె సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. గుమ్మంలో పిన్ని ఆయన మొహం చూసి, “మళ్ళీ రెండోదేనా?” అంది.

“మంత్రిగారితో మనకి పోటీ ఏంటే. ఇచ్చుకోనీ. కానీ ఆ మాస్టారు నా లూపుని చదునంటాడా!” అన్నాడు బాబాయి. “వీడున్నాడుగా అక్కడ, వీణ్ణడుగు.”

పిన్ని నా వైపు చూసింది. పిన్ని దగ్గర నేనెప్పుడూ అబద్ధమాడలేదు.

“గుండ్రంగానే వచ్చింది పిన్నీ. నేను కళ్ళారా చూశాను” అన్నాను.