చెవిలో నీరు, గాజులో చిక్కుదారి

ఆ ఉదయం నిదానంగారు అనుకున్న పని చాలా చిన్నది. దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి, తలతిరుగుడు మాత్ర వేసుకోవాలి, గోడవారగా నడిచి విజ్ఞాన ప్రదర్శనశాలకు చేరుకోవాలి. తల పక్కకు తిప్పకుండా కొత్త డైరెక్టరుకు తన పని చూపించి ఇంటికి రావాలి. తాత్కాలిక ఉద్యోగుల్లో ఎవరిని పర్మనెంటు చేస్తారో ఆ రోజే తేలుతుంది. ఆ భయంతో దణ్ణం కాస్త ఎక్కువసేపు పెట్టుకున్నారు. మాత్ర మరిచిపోయారు.

ఆయన లోపలి చెవిలో నీరు పెరుగుతోందని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. "అక్కడన్నీ చిక్కుదారులేనండీ. నీరు హద్దు దాటిందా, ఉన్న గది ఉన్నట్టే గిర్రున తిరుగుతుంది."

ప్రదర్శనశాలలో ఆయన చూపించేదీ అలాంటిదే. రెండు గాజు పలకల మధ్య నల్లటి అయస్కాంత ద్రవం ఉంటుంది. కింద ఉన్న తీగచుట్టకు కరెంటు ఇస్తే అది చీలి, మెలికలు తిరిగి, ఎటు పోతాయో తెలియని సందులుగా పరుచుకుంటుంది. దారి చూపించే దేవుడు మనిషి చెవిలో ఇన్ని సందులెందుకు పెట్టాడా అని ఆయనకు అప్పుడప్పుడు అనుమానం వచ్చేది. అడిగితే బాగుండదని ఊరుకునేవారు.

డైరెక్టరు తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. ద్రవం విచ్చుకుంది. "భలే!" అన్నాడు నిదానంగారి వెనక నుంచి.

నిదానంగారు గిరుక్కున తిరిగారు. గదీ తిరిగింది. పట్టు కోసం చెయ్యి చాపితే గాజు పలకలు దొరికాయి. అవి ఊడిపోయి, నలుపంతా డైరెక్టరు చొక్కా మీద పడింది.

"తాగొచ్చావా?"

"లేదు సార్, చెవిలో..."

పక్కనే ఉన్న సూపర్‌వైజరు నిదానంగారిని గిల్లాడు. "చెవి సంగతి ఎత్తకు!" అని గొణిగాడు. "జబ్బు మనిషిని కరెంటు దగ్గర ఉంచరు, ఇవాళే ఇంటికి పంపేస్తారు. తాగితే మొదటిసారి మందలించి వదిలేస్తారు, రెండోసారికే తీసేస్తారు. ఒప్పేసుకోవయ్యా బాబూ!"

నిదానంగారు మనసులో లెంపలేసుకున్నారు. "తాగాను సార్."

"ఎన్నాళ్లుగా?"

టికెట్ల గుమాస్తా సాయం చేద్దామని ముందుకొచ్చాడు. "చాలా ఏళ్లుగానండీ. రోజూ గోడ పట్టుకునే వస్తాడు పాపం."

అంతలో భార్య రొప్పుతూ వచ్చింది. "ఏమండీ, మాత్ర మరిచిపోయారు!"

"ఏం మాత్రమ్మా?"

"మత్తు దిగడానికి సార్," అన్నాడు సూపర్‌వైజరు.

"మత్తేంటి! మా ఆయన దగ్గు మందు కూడా దేవుణ్ణి అడిగి తాగుతారు!"

"నువ్వు ఊరుకో. తాగాను," అంటూ నిదానంగారు ఆమెను పక్కకు తీసుకెళ్లి సంగతి చెప్పారు.

"పైనున్నాయన వింటున్నాడండీ," అంది ఆమె.

"వింటాడు. ఆయన చెవులకేం, బాగానే ఉంటాయి. నా చెవుల సంగతి చూడు."

ఆమె కళ్లు తుడుచుకుని డైరెక్టరు దగ్గరికి వెళ్లింది. "తాగుతారండీ," అని భోరుమంది. ఆ ఏడుపు నిజమైనదే. దాంతో డైరెక్టరు మనసు కరిగింది. మందలించి వదలడం అన్యాయమని, తాగుడు మానిపించే శిబిరానికి పంపాడు. మానేస్తే పర్మనెంటు చేస్తానన్నాడు.

శిబిరంలో ప్రతివాడూ తన పతనం గురించి చెప్పుకోవాలి. నిదానంగారికి పతనమే లేదు, అందుకని పక్కవాళ్ల దగ్గర అరువు తెచ్చుకునేవారు. వారం వారం అవి ముదిరాయి. ఆయన మాటలు విని ఒకరిద్దరు నిజంగానే మానేశారు. ఈ కబురు అత్తగారి చెవిన పడింది. ఆవిడ వచ్చి, కూతురి వీపు తడిమి చూసింది. "నిన్ను కొట్టేవాడటే?" మామగారైతే ఆయనతో మాట్లాడటమే మానేశారు.

చివరికి సన్మానం పెట్టారు. డైరెక్టరు పర్మనెంటు ఉత్తర్వు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఎడమ పక్క నుంచి చప్పట్లు మోగాయి. నమస్కరిద్దామని నిదానంగారు అటు తిరిగారు. హాలంతా ఆయనతో పాటే తిరిగింది. ఆయన వెళ్లి డైరెక్టరు మీద పడ్డారు.

"మళ్లీనా! అదీ ఈ రోజా!"

"ఒట్టు సార్. చెవిలో నీరండీ. మొదట్నుంచీ అదే."

"అవునండీ, నిజం!" అంది భార్య.

"ఆ రోజు తాగుతారని చెప్పిందీ మీరే కదమ్మా," అంటూ డైరెక్టరు కాగితాన్ని నిలువునా చింపేశాడు. సూపర్‌వైజరు బూట్ల లేసులు కట్టుకుంటూ ఉండిపోయాడు.

ఇంటికి వెళ్లే దారిలో నిదానంగారికి జీవితంలో మొదటిసారి తాగాలనిపించింది. బారులోకి వెళ్లి, ఏమని అడగాలో తెలియక ఒక సోడా తాగి వెళ్లిపోయారు.