మర వదులైన వృత్తలేఖిని

"ఏమండీ, స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టారు?"

"నేనెక్కడ పెట్టాను? మొన్న డబ్బా మూత తియ్యడానికి నువ్వే తీసుకున్నావు."

"మూత చెంచాతో తీశాను."

"అదీ సంగతి. చెంచా ఎందుకు వంగిందా అనుకుంటున్నాను!"

శనివారం పొద్దున లెక్కల టీచరు ఇంట్లో గొడవ ఇలా మొదలైంది. బోర్డు మీద వృత్తాలు గీయడానికి ఆమె సొంతంగా కొనుక్కున్న పెద్ద చెక్క వృత్తలేఖిని మర వదులైంది. గీసిన వృత్తం మొదలైన చోటికి తిరిగి రావడం లేదు. వెనక బెంచీల వాళ్లు దాన్ని కోడిగుడ్డు అంటున్నారు. చివరికి అత్తగారు కిటికీ గొళ్లెంలోంచి స్క్రూడ్రైవర్ లాగి బల్ల మీద పెట్టింది. గొళ్లెం విరిగిన నాటి నుంచీ అదే గొళ్లెం.

"ఒంటిపూట బడేగా, మధ్యాహ్నం వచ్చేటప్పుడు దాన్ని పట్టుకురా, బిగిస్తా," అన్నాడు భర్త.

ఆ బడిలో రెండేళ్లలో ఇద్దరు లెక్కల టీచర్లు, ఒక సైన్సు టీచరు మానేశారు. ముగ్గురిదీ ఒకటే పద్ధతి. శనివారం సొంత సామాను సర్దుకుని వెళ్లిపోయారు, సోమవారం రాజీనామా ఉత్తరం పంపారు. మిగిలింది ఈవిడే. సైన్సు కూడా ఈవిడ మీదే పడింది, ఏ శిక్షణా లేకుండా. మొన్న సోమవారం ఒక అమ్మాయి లేచి, అద్దంలో కుడి ఎడమవుతుంది కదా, మరి తల కిందికెందుకు రాదని అడిగింది. "రేపు చెబుతాను," అంది టీచరు. ఆ రేపు వెళ్లిపోయి నాలుగు రోజులైంది. ఈ సంగతి హెడ్‌మిస్ట్రెస్ చెవిన పడి ఉద్యోగం పోతుందేమోనని అప్పటి నుంచీ ఆమెకు భయం.

మొదటి గంటకే ముసలి అటెండరు ఆమె సంచిలోంచి పొడుచుకొచ్చిన చెక్క కాళ్లను చూశాడు.

"ఇది ఇంటికా మేడమ్?"

"అవును."

"పూర్తిగానా?"

"సగం ఎలా పట్టుకెళతాం?"

అతను హెడ్‌మిస్ట్రెస్ గదికి పరుగెత్తాడు. పదో తరగతి పరీక్షలకు యాభై రోజులే ఉన్నాయి. "ఈవిడ కూడా వెళ్లిపోతోందా!" అంది ఆవిడ.

రెండో పీరియడ్‌లో ఆవిడ, శిక్షణకు వచ్చిన కొత్త పంతులమ్మను లెక్కల క్లాసుకు తెచ్చి చివరి బెంచీలో కూర్చోబెట్టింది. "ఊరికే చూస్తుంది," అంది, కళ్లు తిప్పుకుంటూ. పంతులమ్మ తలెత్తకుండా రాసుకుంటోంది. లెక్కల టీచరు చేతిలో సుద్దముక్క రెండుసార్లు విరిగింది. తన చోటికి మనిషి వచ్చేసింది! మూడో పీరియడ్‌లో ఎన్నడూ లేనిది హెడ్‌మిస్ట్రెస్ గది నుంచి టీ వచ్చింది. ఆఖరి మర్యాద కాబోలనుకుంటూ తాగింది. పొమ్మనక ముందే పోతే పరువైనా దక్కుతుందని విరామంలో అల్మారా ఖాళీ చేసింది.

"అల్మారా కూడా ఖాళీ అయిపోయిందండీ!" అన్నాడు అటెండరు, హెడ్‌మిస్ట్రెస్ గుమ్మంలో రొప్పుతూ.

ఆఖరి గంట కొట్టగానే, "మేడమ్, ఒక్కసారి నా గదికి రండి!" అని కేక వినిపించింది. లెక్కల టీచరు విననట్టు పక్క గేటులోంచి దాదాపు పరుగు తీసింది.

ఇంట్లో అందరూ భోజనానికి కూర్చున్నారు. ఆమె కంచంలో వేలు పెట్టలేదు. తలుపు చప్పుడైంది. గుమ్మంలో హెడ్‌మిస్ట్రెస్, వెనక పంతులమ్మ, ఆ వెనక అటెండరు. అత్తగారు మరో మూడు కంచాలు పెట్టింది.

"ఏం చేస్తే ఉంటారో చెప్పండి," అంది హెడ్‌మిస్ట్రెస్, నిలబడే.

"నన్ను... తీసేయడం లేదా?"

"మిమ్మల్నా! తీసేసి ఆ లెక్కలు నేను చెప్పనా?"

"మరి చివరి బెంచీలో ఈవిడ?"

"సోమవారం నుంచి పదో తరగతికి లెక్కలు నువ్వే చెప్పాలన్నారండీ," అంది పంతులమ్మ ఏడుపు గొంతుతో. "భయమేసి మీ దగ్గు కూడా రాసుకున్నాను."

భర్త స్క్రూడ్రైవర్ పట్టుకుని లేచాడు. "అసలు విషయం ఏంటంటే, ఆ మర..."

"నువ్వు నోరు మూసుకుని తిను," అంటూ అత్తగారు అతని కంచంలో నిండు గరిటె వడ్డించింది.

లెక్కల టీచరు మంచినీళ్లు తాగి అందరి వైపూ చూసింది. "ఏడాది పాటు ప్రతి శనివారం నేను సైన్సు శిక్షణకు వెళతాను. రెండేళ్లుగా అడుగుతున్నదే. కింది తరగతుల లెక్కలు ఈ అమ్మాయివి, పక్కన కూర్చుని నేను నేర్పుతాను. అలాగైతే ఉంటాను."

"అలాగే," అంది హెడ్‌మిస్ట్రెస్, కూర్చోక ముందే.

ఆ మర ఇప్పటికీ వదులుగానే ఉంది. ఏడాదికోసారి, ఏదైనా అడగాల్సి వచ్చినప్పుడు, లెక్కల టీచరు దాన్ని శనివారం ఇంటికి తెచ్చి, సోమవారం మళ్లీ పట్టుకెళుతుంది.