శత్రువు పడవలో మంత్రసాని

కోట పెద్దలారా, ఆ తల్లి మంచాన పడటానికి కారణం మీరే. ఈ మాట మొదటే అనేశాను కాబట్టి, ఇక మీ గొప్పతనం తీరిగ్గా చెప్పుకుందాం.

మా దీవి చిన్నది, రాతికోట పెద్దది. పన్నెండు తరాలుగా ఒకే కుటుంబానిది. పడవ దిగి లోపలికి రావడానికి ఒక్క సింహద్వారమే దిక్కు. ఏ పడవ వచ్చినా, కుటుంబ పెద్దాయన స్వయంగా బురుజెక్కి, దుర్భిణిలో చూసి "శత్రువు కాదు" అని ప్రకటిస్తేనే తాళం తీయాలి. చివరి శత్రువు వచ్చి మూడు వందల ఏళ్లయింది. ఈ కట్టుదిట్టం వల్లే రావడం లేదని కుటుంబంవారి నమ్మకం. కాదని చెప్పడానికి శత్రువెవడూ రాలేదు మరి!

మొన్న మధ్యాహ్నం ద్వారపాలకుడి భార్యకు నొప్పులొచ్చాయి. అవతలి ఒడ్డు నుంచి మంత్రసాని పడవలో వచ్చింది. తాళంచెవి ద్వారపాలకుడి మొలకే ఉంది. పెద్దాయన మాత్రం భోంచేసి కునుకు తీస్తున్నారు.

"ఒరేయ్ తమ్ముడూ, తలుపు తియ్యరా! నీ పెళ్ళాం కోసమే వచ్చాను!"

"నువ్వని నాకు తెలుసక్కా. శత్రువు కాదని అయ్యగారు చెప్పాలిగా."

"నిన్ను భూమ్మీద పడేసింది ఈ చేతులేరా, సన్నాసీ!"

"అప్పుడూ పెద్దయ్యగారు చూశాకే మా నాన్న తలుపు తీశాడటక్కా."

ఎంత క్రమశిక్షణ! లోపల భార్య కేకలు పెడుతుంటే వాడు ఏడుస్తూనే నిటారుగా నిలబడ్డాడు. గోడెక్కి చూస్తున్న మేమంతా, నియమం నియమమే కదా అనుకుంటూ అక్కడే కూర్చున్నాం.

మూడింటికి పెద్దాయన లేచారు. కళ్లజోడు వెతికించారు. బురుజెక్కి ఉపన్యసించారు: "మన పూర్వీకులు తొందరపడి ఉంటే ఈ కోట మిగిలేదా? ఆమె చేతిలో సంచీ ఉంది. అందులో ఏముందో!"

అందులో కత్తెర ఉంది. ఆయుధం! మరో అరగంట విచారణ.

తలుపు తెరిచేసరికి వంటమనిషి చేతుల్లో ఆడపిల్ల పుట్టేసింది. తల్లికి రక్తం చాలా పోయింది. ఇప్పటికీ లేచి కూర్చోలేదు.

కుటుంబ సభ మాత్రం తల్లడిల్లిపోయింది. విచారణ ముగియకుండానే కోటలోకి మనిషి ప్రవేశమా! నువ్వు కాపలా ఉండగా ఆ పసిపిల్ల లోపలికి ఎలా వచ్చిందో చెప్పమని ద్వారపాలకుడికి నోటీసిచ్చారు. వాడు వెంటనే క్షమాపణ రాసిచ్చాడు, కింద వేలిముద్ర కూడా వేసి.

ఇక చాలు. నాతో గోడెక్కి చూసిన దీవి జనమా, రేపు పొద్దున్నే గునపాలు పట్టుకు రండి. ఆ తలుపులు బందులతో సహా ఊడపీకాలి. అయ్యగారి అనుమతి ఎవరు తెస్తారని అడుగుతున్నారా? అంటే మీ మొలకూ ఓ తాళంచెవి వేలాడుతోందన్నమాట. ముందు దాన్ని తెంపి నీళ్లలో పారెయ్యండి!