సూపరింటెండెంటు గారి ముప్పై ఎనిమిది

ఆ ఉదయం సూపరింటెండెంటు గారి పథకం చిన్నది. ఆఫీసుకెళ్ళే దారిలో భార్యను వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గర కాసేపు కూర్చుని, తనకు ఏ రోగమూ లేదనిపించుకుని, ఆవిడ నోరు మూయించాలి. ఆవిడ గొడవల్లా ఒక్కటే. నిద్రలో ఆయన గురక ఉన్నట్టుండి ఆగిపోతోంది, దాంతోపాటు ఊపిరీ ఆగుతోంది. ఆవిడ కుదిపి లేపితే తప్ప మళ్ళీ అందుకోవడం లేదు. ఆయన లెక్కలో ఆయాసానికి తప్పు మెట్లది, మోకాళ్ళ నొప్పికి తప్పు కుర్చీది, నిద్ర చాలకపోతే తప్పు భార్యది. పొట్టది మాత్రం ఏ తప్పూ లేదు. ఆఫీసులో కిందివాళ్ళు దాన్ని పర్సనాలిటీ అంటారు. జీతం కోసం మనిషి ఎంత మాటైనా అంటాడు.

డాక్టరమ్మ ఆయన నడుము చుట్టూ టేపు వేసి, "నలభై ఆరు" అంది.

"మీ టేపులో ఏదో తేడా ఉందమ్మా. పోయిన వారమే మా టైలర్ కొలిచాడు. ముప్పై ఎనిమిది. ఏళ్ళ తరబడి అదే!"

"వారంలో ఎనిమిది అంగుళాలా?" ఆమె మొహం మారిపోయింది. "కాళ్ళు వాస్తున్నాయా?"

"సాయంత్రానికి బూట్లు పట్టవు. నాసిరకం బూట్లు."

"పడుకుంటే ఆయాసం?"

"పడుకుంటే ప్రాణమే పోతోందండీ," అంది భార్య.

"పొట్టలో నీరు చేరుతోందేమో. గుండె కావచ్చు, లివర్ కావచ్చు. ఇంటికెళ్ళొద్దు, ఇక్కడే పడుకోండి."

ఇన్నేళ్ళు భార్య మొత్తుకున్నా కదలని మనిషి, ఆ మాటతో మంచమెక్కి దుప్పటి కప్పుకున్నాడు.

కబురందుకుని వచ్చిన బావమరిది ఆఫీసుకు ఫోన్ చేసి, "బావకి పొట్టనిండా నీళ్ళట" అన్నాడు. అది గదులు దాటేసరికి "సారు ఇక లేవరట" అయింది. సీనియర్ గుమాస్తా వెంటనే ఆయన కుర్చీలో కూర్చుని ఎత్తు సరిచేసుకున్నాడు. మిగతావాళ్ళు చావు పూలు పట్టుకుని వచ్చి, మనిషి కళ్ళు తెరిచి చూస్తుంటే వాటిని వీపు వెనక్కి దాచారు.

కబురు విని టైలర్ కూడా పరిగెత్తుకొచ్చాడు, చంకలో కొత్త ప్యాంటుతో. అప్పుడే స్కానింగ్ చూసి వస్తున్న డాక్టరమ్మ ఆ ప్యాంటు లాక్కుని నడుము కొలిచింది. నలభై ఆరు.

"ముప్పై ఎనిమిది అన్నావటగా?"

టైలర్ మెడలోని టేపు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఒకటో అంకెకు ముందు ఎనిమిది అంగుళాల ఖాళీ పట్టీ, అదే రంగుది, ఏటా ఓ ముక్క చొప్పున నీటుగా కుట్టి ఉంది.

"నలభై దాటిందంటే ఏ కస్టమరూ మళ్ళీ నా గుమ్మం తొక్కడు మేడమ్. అంకె తగ్గించి చెబుతా. గుడ్డ మాత్రం సరిగ్గానే కోస్తా."

"ఇలా ఎంతమందికి?"

టైలర్ గదంతా ఓసారి కలియజూశాడు. పూలు పట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే తమ బెల్టుల వైపు చూసుకున్నారు.

"నీరు లేదు," అంది డాక్టరమ్మ. "ఏళ్ళ తరబడి పెరిగిన కొవ్వు. లివర్‌కీ పట్టేసింది. షుగర్ ఉంది, బీపీ ఉంది. నిద్రలో ఊపిరి ఆగుతోందని మీ ఆవిడ చెప్పింది కూడా నిజమే అయ్యుంటుంది. ఇలాగే వదిలేస్తే ఓ రాత్రి గుండె..."

"నీరు లేదట!" సూపరింటెండెంటు గారు మంచం దిగి నిలబడ్డారు. "ఒట్టి కొవ్వేనట!"

"నేను అప్పుడే అనుకున్నా బావా!" అని బావమరిది కావలించుకోబోయి, చేతులు చుట్టూ అందక భుజం తట్టాడు. గుమాస్తాలు పూలు ముందుకు తెచ్చి అభినందనలు అన్నారు.

"ఆవిడ మిగతాది చెబుతోంది, వినరా?" అంది భార్య.

"వినేదేంటి? మంచిగా ఉన్నవాణ్ణి పట్టుకుని మంచమెక్కించింది ఆవిడేగా!"

"ఈ రాత్రి ఊపిరాగితే ఎవర్ని లేపమంటారు? మీ టైలర్నా?"

ఆయనకు ఆ మాట వినబడలేదు. కొత్త ప్యాంటు తొడుక్కుంటున్నారు, అది ఒంటికి అతికినట్టు సరిపోయింది.

ఆ సాయంత్రమే ఆయన డాక్టర్ని మార్చేశారు.