కారని కప్పు

ఆ ఆదివారం పొద్దున్నే ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. పడకగది కప్పు మీద ఒక మచ్చ పెట్టాలి, మేస్త్రిని పిలవాలి, కాసేపు మాట్లాడాలి. అంతే.

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా రోజంతా మనుషుల గొంతుల మధ్య బతికిన మనిషి. వీధిలో అందరికీ ‘హలో అక్కయ్య’. ఉద్యోగం అయిపోయాక ఇంట్లో ఒక్కతే మిగిలింది. ఇప్పుడు ఆ ఇంట్లో నోరు విప్పేది ప్రెషర్ కుక్కరొక్కటే, అదీ వండుకున్న రోజున.

స్టూలెక్కి, టీ డికాక్షన్‌లో ముంచిన గుడ్డతో కప్పు మీద అద్దింది. మచ్చ ముచ్చటగా వచ్చింది.

ఫోను చేయగానే మేస్త్రి వచ్చాడు. మూడేళ్ళ కిందట ఆ కప్పుకు పూత వేసింది అతనే. మచ్చ చూడగానే అతని ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

“పదేళ్ళు చుక్క కారదని మాటిచ్చానే! ఆకులు ఊడుస్తున్నారా? వానలకు ముందు గొట్టం మూతి చూసుకుంటున్నారా?”

“వారం వారం ఊడుస్తున్నా. కూర్చోండి, టీ పెడతా.”

“టీయా! నా పరువు కారిపోతుంటే!”

అతను పైకెళ్ళి, నీళ్ళు పోయే గొట్టానికి గుడ్డలు కుక్కి, కప్పంతా మడమలోతు నీళ్ళు కట్టాడు. ఎక్కడ కారుతుందో కింద కూర్చుని కనిపెట్టాలట. ఇద్దరూ మంచం పక్కన కుర్చీలు వేసుకుని తలలెత్తి కూర్చున్నారు. ఎండకు పూత ఎలా చిట్లుతుందో, సన్నటి బీటను అప్పుడే పూడ్చకపోతే లోపలి ఇనప చువ్వ ఎలా తుప్పు పడుతుందో అతను చెబుతూ పోయాడు. ఆమె ఊకొడుతూ వింది. చువ్వ తుప్పు పట్టడం ఇంత కమ్మగా ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

చుక్క పడలేదు. ఈలోగా పక్కింటావిడ తొంగిచూసి, “పాపం, మేస్త్రికి పనితనం తగ్గినట్టుంది,” అని వెళ్ళింది. సాయంత్రానికల్లా అతను పూత వేసిన ఇళ్ళవాళ్ళంతా తమ కప్పుల్ని అనుమానంగా చూసుకోవడం మొదలుపెట్టారు. ఆమె వంటింట్లోంచి డికాక్షన్ మిగిలిన టీ కప్పు తెచ్చింది.

“మేస్త్రీ, ఆ మచ్చ ఆ కప్పుది కాదు. ఈ కప్పుది,” అంటూ చేతిలోది చూపించింది. “నేనే అద్దాను.”

“మీరెందుకు అద్దుతారు?”

వేలమందికి లైన్లు కలిపిన మనిషి, ‘మాట్లాడ్డానికి’ అనలేక, “ఊరికే,” అంది.

మేస్త్రి కళ్ళు చెమర్చాయి. “నా పరువు నిలబెట్టడానికి ఇంత అబద్ధమా అక్కయ్యా! మీ మంచితనాన్ని ఊరికే పోనివ్వను,” అని సుత్తీ ఉలీ పట్టుకుని మళ్ళీ పైకెక్కాడు.

“వద్దు, ఆగండి!” అన్న ఆమె కేక సుత్తి దెబ్బల్లో కలిసిపోయింది. ఎప్పుడో పూడ్చిన పాత గొట్టం కన్నం ఒకటి తెరుచుకుంది. కప్పు మీది నీళ్ళు సరాసరి ఆమె మంచం మీదికి దిగాయి.

పైనుంచి ఆనందంగా వినిపించింది: “దొరికిందక్కయ్యా! ఇదిగో, కారుతోంది!”

మర్నాడు కూలీలతో దిగాడు. కన్నం పూడ్చి, కప్పంతా గీకి, పూత మీద పూత వేయించాడు. ఆమె టీలు అందిస్తూ తిరిగింది. తాగేవాళ్ళకు మాట్లాడే తీరిక లేదు. పని ముగించి చేతులు కడుక్కుంటూ మేస్త్రి గర్వంగా అన్నాడు:

“గొట్టం మూతికి జాలీ కూడా బిగించాను. ఇక ఇరవై ఏళ్ళ దాకా మీరు నన్ను పిలవాల్సిన పనే రాదు.”

“చాలా సంతోషం,” అందామె.

అంత నిక్కచ్చి పనివాడు దొరకడం హలో అక్కయ్య అదృష్టమని వీధంతా చెప్పుకుంది, ఆమెతో తప్ప.